మా వీధిలో సిలోన్ వాళ్ళు

రాజపాళయంలో మా ఇంటికి ఒక తలుపు నంబరు ఉందని నాకు మీసాలు వచ్చాక గాని తెలియలేదు. దానితో అవసరం పడలేదు. బస్టాండులో దిగి "సిలోన్ ఇల్లు" అంటే చాలు, జట్కావాడు మరో మాట అడగకుండా బండి కదిలించేవాడు. మా తాత ఏడాదిలో కొన్ని నెలలు సిలోన్‌లో, కొలంబు పట్నంలో కూర్చుని వ్యాపారం చేసినవాడు. ఇక్కడి పత్తి, ఎండు మిరపకాయలు తూత్తుకుడి నుంచి పడవల మీద పోయేవి. తిరిగి వచ్చేటప్పుడు ఆయన పింగాణీ పళ్ళేలు, గోడ గడియారాలు, నల్లచేవ చేతికర్రలు తెచ్చేవాడట. పళ్ళేలు దాయాదులు పంచుకున్నారు. ఒక చేతికర్ర నా దగ్గర ఉంది. తమిళనాట ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే రాజులు మా ఊళ్ళో ఎందరో ఉన్నారు, మిల్లులున్న రాజులూ ఉన్నారు. సిలోన్ రాజులు అంటే మాత్రం మేమొక్కరమే.

మా జిన్నింగ్ మిల్లు పోయింది. పత్తి కుప్పలు పోసిన నేల మీద ఇప్పుడు ఒక కల్యాణ మండపం వాళ్ళ కార్లు నిలబడతాయి. ఎలా పోయిందో ఇక్కడ చెప్పను. ఎవరి వల్ల పోయిందో నాకు తెలుసు, అదీ చెప్పను. మిగిలినవి ఇల్లు, ఆ ఇంటికున్న పేరు. ఇల్లు పాతబడితే సున్నం వేయించుకోవచ్చు. పేరుకు సున్నం వేయలేం, కాపలా కాయాలి. ఇన్నేళ్ళూ నేను చేసిన ఉద్యోగం అదే అంటే తప్పు కాదు. మా అక్క దాన్ని ఉద్యోగం అనదు, జబ్బు అంటుంది. భర్త పోయినప్పటి నుంచి అక్క నాతోనే ఉంది. ఆమె మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను, కానీ వినక తప్పదు.

ఒక పగలు పాత బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. మా వీధి మలుపు తిరగగానే డ్రైవరు కుర్రాడు, "సిలోన్ ఎవురు? సిలోన్ దిగండి!" అని అరిచాడు. నేను భుజం మీది కండువా సర్దుకున్నాను. బండి మా వాకిలి కాస్త దాటి, ఎదురుగా వీధికి అవతల పక్క ఉన్న టీ కొట్టు ముందు ఆగింది.

"ఇల్లు వెనక్కి ఉండాది," అన్నాను.

"ఏ ఇల్లు సార్? సిలోన్ అంటే ఇదేదా."

"ఎవురి పేరు మీద సిలోన్?"

"టీ కడ అమ్మ పేరు మీద. వాళ్ళు సిలోన్ నుంచి వచ్చినోళ్ళు కదా!" కుర్రాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మీరు ఊరికి కొత్తా సార్?"

బండిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. నేను దిగి, వెనక్కి నడిచి ఇంటికి వచ్చాను. నేను ఊరికి కొత్తనా? అప్పటిదాకా ఆ టీ కొట్టును టీ కొట్టుగానే చూశాను. ఆ రోజు నుంచి మరో కన్నుతో చూడటం మొదలుపెట్టాను.

కొట్టు నడిపే ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లిదండ్రులతో ఓడలో రామేశ్వరం వచ్చి దిగిందట. సిలోన్ తేయాకు తోటల్లో పని చేసిన భారతీయ కూలీలను ఈ దేశానికి తిప్పి పంపించిన కాలం అది. అలా వచ్చిన వాళ్ళు కొందరికి ఇక్కడి నూలు మిల్లుల్లో పని దొరికింది. ఆమె కూడా పెద్దయి, పెళ్ళి చేసుకుని, మిల్లులోనే నూలు చుట్టింది. భర్త పోయాడు, తర్వాత ఆ మిల్లు మూతపడింది, ఇంటి ముందు గదిలో టీ కొట్టు పెట్టింది. ఒక్కడే కొడుకు. వాడు బ్యాండేజీ గుడ్డ చుట్టి పెట్టెలకెత్తే చోట పని చేస్తాడు. ఇదంతా అక్క చెప్పింది. ఇంత వివరంగా అక్కకు ఎలా తెలుసు అన్నది నా మొదటి అనుమానం.

రెండోది ఆమె మాట. సిలోన్ నుంచి వచ్చిన వాళ్ళు తమిళం మాట్లాడతారని నేను విన్నాను. ఈమె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. ఒక ఉదయం కొడుకును కసురుతుంటే నా చెవులతో విన్నాను. "రేయ్, పాలు పొంగిపోతా ఉండాది, ఆ ఫోను పక్కన పెట్టుడా!" అచ్చం మా ఊరి తెలుగు. అక్కను అడిగితే, "మన పక్క నుంచి తోటలకు పోయినోళ్ళు ఎందరో! వాళ్ళ తాతలూ తెలుగోళ్ళేరా. కడలి దాటితే నాలిక ఊడిపోతుందా?" అంది. నాకు నమ్మకం కుదరలేదు. ఎవరి వాకిట్లో చోటు కావాలో ఆ వాకిటి భాష నేర్చుకునే వాళ్ళను నేను చాలామందిని చూశాను.

మూడోది చీపురు. ఆమె తెల్లవారకముందే లేచి తన కొట్టు ముందు ఊడ్చి నీళ్ళు చల్లుతుంది. అంతటితో ఆగదు. వీధి దాటి వచ్చి మా మెట్టు దాకా ఊడుస్తుంది. ఎవరూ ఇంకొకరి నేలను ఊరకే ఊడవరు. ముందు ఊడుస్తారు, తర్వాత ఒక బల్ల వేస్తారు, తర్వాత బల్లకు నీడ కావాలంటారు. మా మిల్లు స్థలం కూడా అలాగే ఒక బల్లతో మొదలై పోయింది. ఒక రోజు పొద్దున్నే తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాను.

"ఏమమ్మా, ఇది మా వాకిలి."

"ఆమా అయ్యా. మా కడకు వచ్చినోళ్ళు పేపరు కప్పులు ఈ పక్క పారేసి పోతారు. అందుకుదా."

"మా వాకిలి మేము ఊడుచుకొంటాము."

"సరి అయ్యా," అంది. మరునాడు చీపురు మా మెట్టుకు ఒక మూర దూరంలో ఆగిపోయింది. ఆ మూర కసువు అలాగే పేరుకుంది. పెళ్ళివారి ఇంట్లో దిగిన చుట్టాల్లా కప్పులన్నీ అక్కడే కూర్చున్నాయి. నన్ను ఎగతాళి చేయడానికే అంత కచ్చితంగా ఆపిందని నా అనుమానం. చివరికి అక్క వంగి ఊడ్చింది, ఊడుస్తూ నన్ను తిట్టింది.

నాలుగోది టీ. మా ఇంట్లో పాలు లేని టీ ఎవరూ తాగి ఎరగరు. ఒక మధ్యాహ్నం పెరటి గుమ్మంలో అక్క చేతిలో గాజు గ్లాసు చూశాను. నల్లటి టీ, అల్లం వాసన. ఎడమ అరచేతిలో కరుప్పట్టి, అదే తాటిబెల్లం, ముక్క. ఒక గుక్క తాగుతుంది, ఒక కొరుకు కొరుకుతుంది.

"ఏంది అది?"

"ప్లేన్‌టీ. తోటల్లో ఇట్లే తాగుతారంట. లయంలో, అదే వాళ్ళుండే వరస ఇండ్లల్లో, పాలు యాడ దొరికేది?"

"ఎవరిచ్చినారు?"

"నీకు తెలీదా ఎవురిచ్చినారో! నా కాలు నొప్పికి అల్లం మంచిదని తెచ్చి ఇచ్చింది. విషం కాదులే, నువ్వు తాగినా చావవు."

ఊరకే ఇచ్చిన టీ గురించి నాకు అక్క చెప్పనక్కరలేదు. మా నాన్నకు ఊరకే టీ తాగించిన వాళ్ళు తర్వాత ఆయన చేత ఏమేమి ఒప్పించారో నేను చూశాను. నేను లోపలికి వచ్చాను. కానీ ఆనాటి నుంచి అరుగు మీద నా కుర్చీని కొద్దిగా తిప్పి వేసుకున్నాను. అక్కడ కూర్చుంటే కొట్టు మొత్తం కనబడుతుంది.

ఇక అయిదోది, అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది, ఆమె అడిగిన ఒక ప్రశ్న. నేను మందులు కొనుక్కుని వస్తుంటే కొట్టు లోంచి బయటికి వచ్చి నిలబడింది.

"అయ్యా, మీ తాత కొలంబులో ఏ తెరువులో ఉండినారు?"

"ఎందుకు?"

"ఊరికేదా. మా నాయన తోట నుంచి ఒక తడవ కొలంబు చూసేదానికి పోయినాడంట. రాజపాళయం ముదలాళి, పెద్ద షావుకారు, ఆయన కడ ఒకటి ఉండేది అని చెప్తా ఉండె. మీ తాతదేమో అని."

చెప్పకుండా వచ్చేశాను. తాత ఏ వీధిలో ఉన్నాడో నిజానికి నాకు తెలియదు. తెలిసినా చెప్పేవాణ్ణి కాదు. ఇవాళ వీధి పేరు అడిగినవాళ్ళు రేపు మా నాన్న మీ తాత దగ్గరే టీ తాగాడంటారు. ఎల్లుండి మనం మనం ఒకటంటారు. ఆ పేరుకు రెండు ఇళ్ళున్నాయని ఊరు అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి మా అరుగు కింద నిలబడ్డారు. అరవై దాటిన ఒక ఆడమనిషి, ఆమెకన్నా చిన్నవాడైన ఒక మగమనిషి. ఇద్దరి బట్టలకూ నూలు దూది అక్కడక్కడ అంటుకుని ఉంది.

"అయ్యా, దాహానికి కొంచెం నీళ్ళు ఇస్తారా?" అంది ఆమె.

వాళ్ళు టీ కొట్టు దాటుకుని వచ్చారు. అక్కడ నీళ్ళున్నాయి, టీ ఉంది, సోడా ఉంది. అది వదిలి నన్ను నీళ్ళడిగారు. ఏదో పని మీద వచ్చారని అర్థమైంది. అక్కను పిలిచి నీళ్ళు తెప్పించాను, కూర్చోమన్నాను. ఆమె చెంబు అందుకుని, తాగకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"మాది సత్రపట్టి. మగ్గాలు ఉండాయి. వీడు నా తమ్ముడు. వీడి కూతుర్ని ఆ టీ కడామె తన పిల్లోడికి అడుగుతా ఉండాది. నేను పిల్లకు మేనత్తను. నాలుగు మాటలు విసారించి పోదామని వచ్చినాము."

"అడగండి," అన్నాను. ఒక ఇంటి గురించి చెప్పడానికి ఊళ్ళో నన్ను ఎంచుకున్నారు కదా అని కొంచెం తృప్తిగానే ఉంది.

ఆమె రెండు గుక్కలు తాగి అడిగింది. "వాళ్ళు సిలోన్ వాళ్ళా?"

నా అరుగు మీద కూర్చుని, నా ఇంటి నీళ్ళు తాగి, ఆ మాటను వేలెత్తి వీధి అవతలికి చూపించి అడిగింది. వెన్ను నిటారు చేసుకున్నాను.

"కాదు. ఈ తెరువులో సిలోన్ అంటే మా ఇల్లు ఒకటేదా. మా తాత నాటి నుంచి."

"ఆమె ఆడ తోటలో పుట్టినామె కాదా?"

"నాకు తెలీదు. జనం ఏమన్నా అంటారు. ఆ పేరు వాళ్ళకు ఊరికే తగిలించినారు. వాళ్ళు ఎవరో, యాడి వాళ్ళో నేను చెప్పలేను."

అక్క గుమ్మంలోంచి నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది. నేను పట్టించుకోలేదు.

మేనత్త తమ్ముడి వైపు చూసి, మళ్ళీ నన్ను చూసింది. "మీరు ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉండారు?"

"పుట్టినప్పటి నుంచి."

"వాళ్ళు?"

"చానా కాలంగా."

"చానా కాలంగా ఉండీ తెలీదు," అని ఆమె చెంబు కింద పెట్టింది. సగం నీళ్ళు అలాగే ఉన్నాయి. వాళ్ళు టీ కొట్టు వైపు తిరిగి కూడా చూడకుండా బస్సుకు పోయారు. ఆ సాయంత్రం నాకు చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది. పేరును పేరుగల చోట నిలబెట్టానన్న సంతోషం. అన్నం వడ్డిస్తూ అక్క ఒక్క మాట మాట్లాడలేదు. అది నేను గెలిచినట్టు లెక్క అనుకున్నాను.

కొద్ది రోజులకు అక్క నోరు విప్పింది. విప్పితే ఇక ఆగలేదు.

"సంబంధం ఆగిపోయింది తెలుసునా? ఎవురి పుణ్యం?"

"నేనేం చేసినాను? చెడ్డ మాట ఒకటి చెప్పినానా?"

"రేయ్, విసారించేటోళ్ళు తెలియనిది ముందు అడుగుతారా? తెలిసినదే అడుగుతారు. తోటలో పుట్టినామని, ఓడలో వచ్చినామని, ఆమె తన నోటితోనే వాళ్ళకు చెప్పింది. దాచలేదు. ఆ మాటకు నువ్వు ఏమి చెప్తావో చూసినారు. తెలిసినదానికే అబద్ధం వస్తే, తెలియనిది ఇంకేమి అడుగుతారు?"

"అట్లని నాకు ఎవరు చెప్పినారు?"

"నీకెట్ల తెలుస్తుంది! మన ఇంటి పెండ్లిండ్లకు గుమాస్తాలు పోయి విసారించుకొని వచ్చిరి. నువ్వు ఎవురి అరుగు మీదన్నా నీళ్ళడిగి కూర్చొంటివా?"

అది నిజం. మా ఇంట్లో ఎవరూ అలా కూర్చోలేదు. మా గురించి ఎవరూ ఇంకొకరి అరుగు మీద అడిగే అవసరం కూడా ఉండేది కాదు.

అక్క ఇంకా చెప్పింది. టీ కొట్టు ఆమే నాతో మాట్లాడి దాచిపెట్టించిందని సత్రపట్టి వాళ్ళు అనుకుంటున్నారట. దాచారంటే ఏదో మర్మం ఉందని, అక్కడ ఏదో చేసి పారిపోయి వచ్చిన వాళ్ళేమో అని ఇంట్లో మాటలు నడుస్తున్నాయట. ఇన్నాళ్ళూ ఆమెను అనుమానించినవాణ్ణి నేను. ఇప్పుడు నా మూలంగా ఒక ఊరు అనుమానిస్తోంది. నా అనుమానానికి కారణాలున్నాయి. వాళ్ళ అనుమానానికి నేను తప్ప కారణం లేదు. ఇది నాకు నచ్చలేదు. అయినా అక్క చెప్పేదంతా నమ్మాలా? అల్లం టీ ఎన్ని గ్లాసులు తాగితే మనిషి ఆ పక్షాన మాట్లాడుతుందో ఎవరికి తెలుసు?

మరునాడు పొద్దున ఆమే వచ్చింది. అరుగు ఎక్కలేదు. కింద నిలబడి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "అయ్యా, ఒక మాట," అంది.

"చెప్పమ్మా."

"మేము సిలోన్ వాళ్ళం కాదని చెప్పినారంట."

"ఆ పేరు మా ఇంటిది."

"సరి. అప్పుడు మేము ఎవురం అయ్యా?"

నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆమె గొంతు పెంచలేదు.

"ఆడ ఉండేటప్పుడు మమ్మల్ని ఇండియా వాళ్ళు అనిరి. మీ ఊరికి పొండి అనిరి. ఊరికి వస్తే ఇక్కడ సిలోన్ వాళ్ళు అంటిరి. మిల్లులో, ఆడ నుంచే వచ్చిన మా అత్తను పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు. 'ఏయ్ సిలోన్' అనేదే. మేము అడిగి పెట్టుకొన్న పేరు కాదు అయ్యా. అదీ మీదే అంటే తీసుకోండి. నా పిల్లోడి కల్యాణం మాత్రం ఇచ్చేయండి."

నేను వీధి వైపు చూశాను. ఎవరైనా వినాలని ఈ మాటలు అంటోందేమోనని. కొట్టు ముందు ఎవరూ లేరు. కొట్టు మూసి వచ్చింది.

"నన్నేం చెయ్యమంటావు?"

"సత్రపట్టికి పోయి ఉన్నది చెప్పండి."

"మా ఇంట్లో ఎవరూ ఒకరి గడప ఎక్కి మాట మార్చుకోలేదు."

"మాట మార్చొద్దు అయ్యా. నిజం చెప్పండి. దాంతో మాట మారిపోతే నేనేం చేసేది?"

అంది, వెళ్ళిపోయింది. లోపల అక్క నవ్విన చప్పుడు వినబడింది.

వెంటనే పోలేదు. ఇందులో ఉన్న ఉచ్చు నాకు స్పష్టంగా కనబడుతోంది. నేను పోయి వాళ్ళే సిలోన్ వాళ్ళని చెబితే ఇక ఊళ్ళో మరో సాక్ష్యం అక్కరలేదు. సిలోన్ రాజే తన నోటితో అన్నాడంటారు. ఊడ్చిన రోజు నుంచి ఆమె అడుగుతున్నది ఇదేనేమో. అక్కతో ఈ మాటే అన్నాను.

"నీ పేరు ఎవురికి కావాలరా? అది ఎత్తుకొని పోయి కుండలో వండుకొంటారా? నువ్వు ఎప్పుడన్నా కడలి దాటినావా?"

"తాత దాటినాడు."

"తాత దాటినాడు, వచ్చినాడు, చచ్చినాడు. సత్రపట్టిలో ఏమి చెప్పుకొంటా ఉండారో అది విను ముందు. రాజు అరుగు మీద కూర్చొని అబద్ధం చెప్పినాడంట. నీళ్ళిచ్చి అబద్ధం చెప్పినాడంట."

ఆ మాట నన్ను లేపి కూర్చోబెట్టింది. మా కుటుంబాన్ని ఊరు చాలా అన్నది. ఖర్చు మనుషులన్నది, పొగరన్నది, చేతకాని వాళ్ళన్నది. అబద్ధాలకోరులని ఎవరూ అనలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని, చేతికర్ర తీసుకుని, టౌను బస్సు ఎక్కాను. ఆమె కోసం పోతున్నానని ఎవరూ అనుకోకూడదని టీ కొట్టు వైపు చూడకుండా నడిచాను.

సత్రపట్టిలో మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే చెవులను పట్టుకుంటుంది. దూరంగా ఎండలో పొడుగ్గా పరిచిన తెల్ల గుడ్డ. అడుగుతూ పోయి వాళ్ళ ఇంటి ముందు నిలబడ్డాను. మేనత్త నన్ను చూసి ఆశ్చర్యం చూపించలేదు. కుర్చీ వేయించింది, చెంబుతో నీళ్ళిచ్చింది. ఈసారి మర్యాద తెలిసి పోయాను కనుక నీళ్ళు మొత్తం తాగాను. పిల్ల తండ్రి మగ్గం ఆపి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆమె పంపితే వచ్చినారా?" అంది మేనత్త.

నన్ను ఎవరూ పంపరు అనబోయాను. తెలిసినదే ముందు అడుగుతారని గుర్తొచ్చింది. "పొమ్మని అడిగింది. వచ్చింది నేను."

"వాళ్ళు సిలోన్ వాళ్ళా?"

"ఆమా."

"ఆనాడు కాదంటిరి."

"ఆ పేరు మా ఇంటికి ముందునుంచీ ఉండాది. పంచుకొనేది నాకు అలవాటు లేదు."

పిల్ల తండ్రి నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. మేనత్త నవ్వలేదు.

"మీరు ఆడ పుట్టినారా?"

"లేదు."

"మీ నాయన?"

"లేదు. తాత వ్యాపారానికి పోయి వస్తా ఉండె."

"పోయి వచ్చినోళ్ళు వేరే. ఉండి వచ్చినోళ్ళు వేరే," అంది, ధర చెప్పినట్టు. నేను చేతికర్రను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకున్నాను. ఆమె మళ్ళీ అడిగింది. "సరి, ఆ ఇంటి గురించి మీకు ఇంకేమి తెలుసు? ఆనాడు ఏమీ తెలీదంటిరి."

అప్పుడు నాకే ఆశ్చర్యమైన సంగతి జరిగింది. నోరు తెరిస్తే ఆగలేదు. ఆమె ఏ వేళకు లేస్తుందో చెప్పాను. పాలలో నీళ్ళు కలుపుతుందేమోనని చాలా ఉదయాలు గమనించానని, కలపగా చూడలేదని చెప్పాను. మొదటి గ్లాసు టీ వీధి ఊడ్చే మునిసిపాలిటీ ఆమెకు ఇస్తుందని, దాని వెనుక ఏం లాభముందో ఇంకా కనిపెట్టలేకపోయానని చెప్పాను. కొడుకు పని నుంచి నేరుగా ఇంటికి వస్తాడు, ఆలస్యమైతే చేతిలో సామాను సంచి ఉంటుంది, నడకలో తూలుడు ఎప్పుడూ లేదు. తల్లి కసిరితే పళ్ళికిలిస్తాడే గాని ఎదురు మాట్లాడడు. ఒకసారి ఎవరో తాగి వచ్చి కొట్టు ముందు గొడవ చేస్తే చెయ్యి ఎత్తకుండా వాణ్ణి ఆటో ఎక్కించి పంపాడు. ఆ ఆటోను కూడా వీధి చివరిదాకా చూశాను. వాళ్ళ ఇంటికి వచ్చే చుట్టాలు ఎవరెవరో, పోయేటప్పుడు ముఖాలు ఎలా ఉంటాయో, అన్నీ చెప్పాను.

మగ్గాల చప్పుడు ఆగలేదు గాని ఆ ఇంట్లో మనుషులందరూ ఆగిపోయారు. గదిలోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంత చూసినారా!" అంది మేనత్త. "ఎందుకు చూసినారు?"

"అనుమానం."

"ఇన్నాళ్ళు అనుమానంతో చూసి, కనిపెట్టింది ఇదేనా?"

"ఇదే."

అప్పుడు నవ్వింది ఆమె. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, పొట్ట కదిలేలా నవ్వింది. "తమ్ముడా, చుట్టాలు చెప్తే నేను నమ్మను. స్నేహితులు చెప్తే నమ్మను. ఈయన చెప్తే నమ్మచ్చురా. ఈయనకు వాళ్ళంటే పడదు!"

నాకు కాఫీ ఇచ్చారు. మంచి కాఫీ. లేచేటప్పుడు మేనత్త గుమ్మం దాకా వచ్చి, "నిశ్చయం నాడు మీరు రావాల. వచ్చి నలుగురి ముందర ఈ మాట చెప్పాల. మా ఊళ్ళో ఏమేమో అనుకొన్నారు, వాళ్ళ నోళ్ళు మూయాల కదా," అంది. నేను అలాంటి చోట్లకు పోను అని చెప్పబోయి, వస్తానన్నాను. ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పడానికి భయపడ్డాడు అనిపించుకోవడం ఇంకా అవమానం.

నిశ్చయానికి అక్కను తీసుకుని పోయాను. సత్రపట్టిలో వాళ్ళ ఇంటి ముందు పందిరి వేశారు. మగపెళ్ళివారు ఒక పక్క, ఆడపెళ్ళివారు ఒక పక్క, మధ్యలో తాంబూలం పళ్ళేలు. ఆడపెళ్ళివారి పెద్దాయన ఒకరు, చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు పెట్టుకున్నవాడు, నిలబడి ఒక్కొక్క ఇంటివాళ్ళను పిలుస్తున్నాడు. పిలిచినవాళ్ళు లేచి, వచ్చామని చెప్పి, తాంబూలం తీసుకోవాలి. అక్కడి పద్ధతి అది.

"సిలోన్ వాళ్ళు వచ్చినారా?"

నా మోకాళ్ళు నన్ను అడగకుండానే సగం లేచాయి. పుట్టినప్పటి నుంచి ఆ మాటకు లేచిన మోకాళ్ళు అవి. అక్క నా పంచె చెంగు పట్టుకుంది. అంతలో అవతల చాప మీద నుంచి టీ కొట్టు ఆమె లేచి, "వచ్చినాము," అంది. గొంతు స్పష్టంగా ఉంది. ఆ పేరును ఎవరైనా మర్యాదగా పిలిచి తాంబూలం ఇవ్వడం ఆమె ఎప్పుడైనా విన్నదో లేదో నాకు తెలియదు. రెండు చేతులా పళ్ళెం అందుకుంది.

పెద్దాయన కళ్ళు నా మీద ఆగాయి. సగం లేచి ఉన్నవాడికి ఇక పూర్తిగా లేవక తప్పలేదు. చేతికర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డాను. వాళ్ళే సిలోన్ వాళ్ళని, ఆమె అక్కడి తోటలో పుట్టిందని, ఆ ఇంట్లో దాచిన సంగతి ఏదీ నేను చూడలేదని చెప్పాను. అందరూ విన్నారు. మేనత్త తల ఊపింది.

"సంతోషం," అన్నాడు పెద్దాయన, తాంబూలం చేతిలోకి తీసుకుని. "మీకు ఏమని పిలిచి ఇవ్వాల? మీరు ఏ ఇల్లు అయ్యా?"

పందిరి మొత్తం నా వైపు చూస్తోంది. మిల్లు పేరు చెబుదామంటే మిల్లు లేదు. తాత పేరు చెబితే సత్రపట్టిలో ఎవరికి తెలుసు? తలుపు నంబరు చెప్పే చోటు కాదు. చెప్పవలసిన ఒక్క మాటనూ ఇప్పుడే నా నోటితో ఇంకొకరికి ఇచ్చేశాను.

"వాళ్ళ ఎదురింటివాణ్ణి," అన్నాను.

"సిలోన్ వాళ్ళ ఎదురిల్లు!" అని పెద్దాయన గట్టిగా పిలిచి తాంబూలం ఇచ్చాడు. తీసుకుని కూర్చున్నాను. అవతల చాప మీద ఆమె తల బాగా దించుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని అక్క అంటుంది. నవ్విందని నా అనుమానం.